ముందు సీటా, ముందు షార్ట్సా?

సైకిల్ తొక్కేవాళ్ళు ఇద్దరు కలిస్తే గేర్ల గురించి, టైర్ల గురించి గంటలకొద్దీ మాట్లాడుకుంటారు. కూర్చునే చోట పుట్టే మంట గురించి మాత్రం నోరు విప్పరు. ఆడవాళ్ళయితే మరీను. ఎవరితో చెప్పుకోవాలో తెలియక, సైకిలే తమ ఒంటికి పడదనుకుని మూలన పెట్టేసినవాళ్ళు ఉన్నారు. వాళ్ళ కోసమే ఈ సంవాదం.

మాట్లాడే ఇద్దరినీ నేనే కల్పించాను. ఒకరు తెనాలిలో లేడీస్ టైలరింగ్ షాపు నడిపే పిన్ని. లేడీస్ సైకిల్ మీద ఊరంతా తిరిగి కుట్టిన జాకెట్లు ఇచ్చొచ్చిన మనిషి. రెండోవారు ఆమె అక్క కూతురు. హైదరాబాదులో ఉద్యోగం, ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో తెరిచిన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ మీద పొద్దున్నే సాధన. 200 కిలోమీటర్ల బ్రెవే, అంటే గడువులోపు ముగించాల్సిన దూరపు సైకిల్ యాత్ర, తొక్కాలని ఆమె పట్టుదల. దానికి గడువు పదమూడున్నర గంటలు. కుట్టుమిషన్ పక్కనున్న బల్ల మీద రెండు ప్యాడ్ షార్ట్స్ పరిచి ఉన్నాయి.

అమ్మాయి: పిన్నీ, ఒకటి ఎనిమిది వందల చిల్లర. ఇంకోటి మూడు వేల పైన. ఏది ఉంచుకోవాలో కుట్టు చూసి నువ్వే చెప్పు.

పిన్ని: చెప్తాలే. ముందు నా మాటకి జవాబు చెప్పు. నేను వయసులో ఉన్నన్నాళ్ళూ సైకిల్ మీదే తిరిగాను. చీర కట్టుకుని తొక్కాను. లోపల స్పాంజి పెట్టిన నిక్కరు ఏనాడూ ఎరగను. మీకెందుకొచ్చింది ఈ అవసరం?

అమ్మాయి: నువ్వెలా కూర్చునేదానివో గుర్తుచేసుకో. నిటారుగా. వెడల్పాటి సీటు, కింద స్ప్రింగులు. ఒంటి బరువంతా పిరుదుల కిందుండే రెండు ఎముకల మీద పడేది. ఆ ఎముకలున్నదే కూర్చోవడానికి. పైగా నాలుగు వీధులు తిరిగేసరికి ఎవరో ఒకరి గుమ్మం దగ్గర దిగేదానివి. నా సైకిల్ మీద నడుం ముందుకి వంచాలి. వంగినకొద్దీ కటి ఎముక ముందుకి తిరుగుతుంది, బరువు ఆ రెండు ఎముకల మీంచి ముందున్న మెత్తటి భాగం మీదికి జరుగుతుంది. నిమిషానికి ఎనభై, తొంభై సార్లు కాళ్ళు తిరుగుతాయి. గంటకి ఇంచుమించు ఐదు వేల సార్లు తొడ సీటుకి రాసుకుంటుంది. ఆ మీద చెమట.

పిన్ని: అయితే తప్పు సీటుది. చెప్పు కరుస్తుంటే రెండు జతల సాక్సులు వేసుకుని తిరుగుతామా? చెప్పు మారుస్తాం. నువ్వు కూడా నా సీటు లాంటిది బిగించుకో. వెడల్పుగా, మెత్తగా.

అమ్మాయి: చెప్పు సరిగ్గా ఉన్నా పది మైళ్ళు నడిచేవాడికి సాక్సు కావాలి పిన్నీ. నీ సీటు నా సైకిల్ మీద పనికిరాదు. వెడల్పు సీటు మీద వంగి తొక్కితే తొడల లోపలి వైపు రెండూ ఒరుసుకుపోతాయి. ఇక మెత్తటి సీటంటావా, మొదటి అరగంటే దాని సుఖం. తర్వాత ఎముకలు దాంట్లోకి దిగబడతాయి. అవి దిగితే మధ్యలో ఉన్న స్పాంజి పైకి లేచి, నొక్కకూడని చోట నొక్కుతుంది. తిమ్మిరి అక్కడే పుడుతుంది.

పిన్ని: మరి నీ నిక్కరులో ఉన్నదీ స్పాంజే కదా. సీటు మీద చెడ్డదైన స్పాంజి ఒంటికి కట్టుకుంటే మంచిదైపోయిందా?

ఈ ప్రశ్నకి చాలామంది దగ్గర జవాబు ఉండదు. కొట్లో ప్యాడ్ మందం చూసి కొంటారు, ఎంత లావుగా ఉంటే అంత సుఖమనుకుంటారు. షార్ట్స్ చెయ్యాల్సిన మొదటి పని మెత్తగా ఉండడం కాదని నా గట్టి నమ్మకం. ఒత్తిడిని మోయాల్సింది సీటు. రాపిడినీ తడినీ చర్మానికి దూరంగా ఉంచాల్సింది షార్ట్స్. ఈ రెండు పనులూ కలిపేసినప్పుడే డబ్బు వృథా అయ్యేది.

అమ్మాయి: నేను దాన్ని దిండనుకుని వేసుకోవట్లేదు. మొదట్లో అందులో స్పాంజే లేదు తెలుసా? యూరప్‌లో పాతకాలం పందెగాళ్ళు ఉన్ని నిక్కర్లు వేసుకునేవాళ్ళు. లోపల షామీ అనే కొండమేక తోలు ముక్క కుట్టేవాళ్ళు. తోలు పల్చగానే ఉండేది. ఉన్ని గరుకూ, కుట్టూ ఒంటికి తగలకుండా అదొక అడ్డు, అంతే. ఉతికి ఆరేస్తే బిరుసెక్కేది, క్రీము రాసి మెత్తబరిచేవాళ్ళు. ఇప్పుడు తోలు పోయింది, సింథటిక్ గుడ్డా స్పాంజీ వచ్చాయి. క్రీము మాత్రం మిగిలింది. ఇప్పుడది తోలుకి కాదు, చర్మానికి రాస్తాం.

పిన్ని: ఉన్ని నిక్కర్లు ఎప్పుడు పోయాయి?

అమ్మాయి: లైక్రా వచ్చాక. 1958లో అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ రసాయన శాస్త్రవేత్త జోసెఫ్ షివర్స్ ఆ దారం కనిపెట్టాడు. సైకిల్ షార్ట్స్‌లోకి అది బాగా పాకింది 1970ల చివరి నుంచి.

పిన్ని: లైక్రా సంగతి నాకు చెప్పకు. లెగ్గింగులు కుట్టీ కుట్టీ దాని గుణాలన్నీ నాకు తెలుసు. వేడి పడదు, గట్టి సోపు పడదు, సూది సరైంది కాకపోతే కుట్టు తప్పుతుంది. ఇలా ఇవ్వు ఆ రెండూ.

(పిన్ని రెండిటినీ లోపలివైపు పైకి తిప్పింది. ముందు చవకది. ప్యాడ్ అంచు వెంబడి బొటనవేలు మెల్లగా లాగింది. ఒక చోట ఆగి, ఆ వేలితోనే అటూ ఇటూ నలిపింది.)

పిన్ని: ఇదిగో, ఇక్కడ చెయ్యి పెట్టు. స్పాంజి మందం అంచుదాకా ఒక్కటే. ఆ మందం మీదనే జిగ్‌జాగ్ వేసి లాగేశాడు. దారం బిగిసి అంచు గట్టుకట్టింది. గట్టు సరిగ్గా తొడ మొదట్లో పడుతుంది. గుడ్డ ముక్కలు నాలుగే. నాలుగు ముక్కల కుట్లూ ఒక్కచోట కలిశాయి, ఎక్కడ కలవకూడదో అక్కడే. నా దగ్గర నేర్చుకునే పిల్ల ఇలా తెస్తే విప్పమంటాను.

అమ్మాయి: రెండోది?

పిన్ని: ఇది చదువుకున్నవాడి కటింగు. ఎనిమిది ముక్కలు. అంచుకి వచ్చేసరికి స్పాంజి పల్చబడి గుడ్డలో కలిసిపోయింది. కుట్టు పరుచుకుని ఉంది, ఫ్లాట్‌లాక్. వేలికి తగలట్లేదు. బల్ల మీద చూడు, సాపుగా పడుకోవట్లేదు. కూర్చున్న మనిషి వంకరే దీనికీ ఉంది. వంగేవాళ్ళ కోసం కోసిన గుడ్డ నిలబడ్డప్పుడు ముడతలు పడుతుంది, ముడతలు చూసి సైజు తప్పిందనుకోకూడదు.

అమ్మాయి: కొట్లో నేను చేసిన తప్పు అదే. అద్దం ముందు నిలబడితే ముందువైపు బిగుతుగా, మడతలుగా అనిపించి ఒక సైజు పెద్దది తీసుకోబోయాను. అక్కడి అమ్మాయి వంగి చూడమంది. హ్యాండిల్ పట్టుకున్నట్టు చేతులు చాచి వంగేసరికి సరిపోయింది.

పిన్ని: వదులుగా ఉంటే స్పాంజి ఒక దారి, ఒళ్ళు ఒక దారి పోతాయి. రాపిడి తగ్గించాల్సిందే రాపిడి పెడుతుంది. ప్యాంటు సైజు చూసి కొనకు, తుంటి కొలతా నడుం కొలతా టేపుతో తీసుకుని వాళ్ళ పట్టికలో చూసుకో. ఇంకోటి. నల్లది కదా అని నమ్మకు. ఇలా చేతి మీద సాగదీసి ట్యూబులైటుకి ఎదురుగా పట్టు. చవకదాంట్లోంచి నా గాజులు కనపడుతున్నాయి. వంగినప్పుడు వెనకవాళ్ళకి ఏం కనపడుతుందో నువ్వే అనుకో.

అమ్మాయి: మరి స్పాంజి?

పిన్ని: (రెండు ప్యాడ్లనూ వేళ్ళ మధ్య నొక్కింది.) చవకది లావుగా ఉంది, కానీ నొక్కితే వేలికి వేలు తగులుతోంది. రెండోది పల్చన, అయినా వేలిని ఆపుతోంది. సోఫాకి స్పాంజి కొనేటప్పుడు డెన్సిటీ అడుగుతాం, 32 అనీ, 40 అనీ. ఇది అంతకంటే గట్టిది.

అమ్మాయి: దూరం తొక్కే షార్ట్స్‌లో 80 నుంచి 120 దాకా వాడతారు. అదే లెక్క, ఘనపు మీటరుకి అన్ని కిలోలు. ఎముకల కింద గట్టిది, చుట్టూ తేలికది, మధ్యలో ఖాళీ గాడి. చిక్కటి స్పాంజి పల్చగా ఉన్నా అణగారిపోదు. పల్చన కాబట్టి చెమట తొందరగా ఆరుతుంది. మన ఎండల్లో, మీ కోస్తా ఉక్కలో అది చిన్న సంగతి కాదు.

పిన్ని: అన్నీ ఒప్పుకున్నా. లోపల ఇంకేమీ వేసుకోకూడదంటున్నారట, అది మాత్రం నాకు మింగుడుపడలేదు.

అమ్మాయి: చవకదాంట్లో నీ వేలు ఆగిన చోటు ఉంది చూడు, లోదుస్తు ఎలాస్టిక్ పడేది సరిగ్గా అక్కడే. కుట్లు తీసేయడానికి ఇంత కటింగు చేసి, లోపల మళ్ళీ కుట్లున్న కాటన్ వేసుకుంటే ఏం లాభం? కాటన్ చెమట పీల్చుకుని వదలదు. తడిసిన చర్మం తొందరగా ఒరుసుకుంటుంది, ఒరుసుకున్న చోట వెంట్రుక కుదుళ్ళు చీము పడతాయి. అది సెగ్గడ్డ అయితే వారం పది రోజులు సైకిల్ ముట్టుకోలేం.

పిన్ని: అలాగైతే ఉతకకుండా రెండోసారి వేసుకోకూడదు.

అమ్మాయి: అస్సలు వేసుకోకూడదు. అందుకే కనీసం రెండు ఉండాలి. తొక్కి రాగానే విప్పేసి స్నానం చెయ్యాలి. తడి షార్ట్స్‌తోనే టిఫిను సెంటర్లో గంట కూర్చుంటే ఎంత మంచిదీ కాపాడదు. లోపలిది పైకి తిప్పి చల్లటి నీళ్ళలో, తేలికైన సోపుతో ఉతికి నీడన ఆరెయ్యాలి. కంఫర్ట్ లాంటివి పొయ్యకూడదు, అవి గుడ్డకి పూతలా పట్టి చెమట పీల్చనివ్వవు.

పిన్ని: నెలసరిలో?

అమ్మాయి: మామూలు శానిటరీ ప్యాడ్ షార్ట్స్ లోపల ఉంటే అంచులు కోసేస్తాయి. నేను కప్పు వాడతాను. అలవాటు లేనివాళ్ళు ఆ రెండు రోజులూ దగ్గరి దూరాలు తొక్కుకోవడమే మేలు.

ఈ మాట ఇంత మామూలుగా చెప్పుకోగలిగితే ఎందరు ఆడపిల్లలకి ఎంత బాధ తప్పేదో! క్రీడాకారిణులు కూడా చాలాకాలం దీన్ని లోపల దాచుకున్నవాళ్ళే.

అమ్మాయి: ఇంకో సంగతి విను. 2016 రియో ఒలింపిక్స్‌కి ముందు బ్రిటన్ సైక్లింగ్ జట్టులో ఆడవాళ్ళకి ఈ పుండ్ల బాధ ఎక్కువగా ఉండేది. జట్టువాళ్ళు డాక్టర్లనీ, ఘర్షణ శాస్త్రం తెలిసినవాళ్ళనీ కూర్చోబెట్టి అడిగారు. వాళ్ళు చెప్పినవాటిలో ఒకటి, అక్కడ షేవింగూ వ్యాక్సింగూ మానెయ్యమని. వెంట్రుకలు చర్మానికి కాపుదల. తీసేస్తే చెమటకీ రాపిడికీ అడ్డం ఉండదు.

పిన్ని: ఖర్చు లేని సలహా. షార్ట్స్ గురించి ఏమన్నారు మరి?

అమ్మాయి: (కాస్త ఆగి) వాళ్ళు సీటు గురించి కూడా పోరాడారు. సీటు దాదాపు సమంగా ఉండాలని అంతర్జాతీయ సమాఖ్య నియమం ఉండేది. వంగి తొక్కే ఆడవాళ్ళకి సీటు ముక్కు ముందువైపు గుచ్చుకునేది. ఆ ఏడాదే నియమం సడలించి తొమ్మిది డిగ్రీల వాలు దాకా ఒప్పుకున్నారు.

పిన్ని: ఇదిగో, నీ నోటితోనే వచ్చింది. సీటు!

అమ్మాయి: అయితే ఇది కూడా నీ ఖాతాలోనే వేసుకో. అమెరికాలో సైకిల్ మీద గస్తీ తిరిగే మగ పోలీసులకి ఆరు నెలలపాటు ముక్కు లేని సీట్లు ఇచ్చి చూశారు ప్రభుత్వ పరిశోధకులు. తిమ్మిరి బాగా తగ్గింది. తిమ్మిరికి షార్ట్స్ మందు కాదని నేనూ ఒప్పుకుంటా. కానీ ఒరుపుకి సీటు మందు కాదు.

పిన్ని: తోలు సీటు వేసుకుని మామూలు నిక్కరుతో వందల కిలోమీటర్లు పోయేవాళ్ళు లేరా?

అమ్మాయి: ఉన్నారు. తోలు వాళ్ళ ఎముకల ఆకారానికి దిగి కుదురుకున్నాక వాళ్ళకి ప్యాడ్ అక్కర్లేదంటారు. అది కుదురుకోవడానికి చాలా దూరం తొక్కాలి, వానలో తడవకుండా కాపాడుకోవాలి. నీలాగా గంటలోపు నిటారుగా తొక్కేవాళ్ళకీ ఇది అక్కర్లేదు. మధ్యలో లావు కుట్టు లేని లెగ్గింగు చాలు. జీన్స్ మాత్రం వద్దు.

పిన్ని: పైన ఏం వేసుకుంటావు? ఇదొక్కటే వేసుకుని రోడ్డెక్కుతావా?

అమ్మాయి: కొందరు పైన వదులు నిక్కరు వేసుకుంటారు. నువ్వూ అదే అనబోతున్నావు కదా?

పిన్ని: ఎందుకంటాను? చూసేవాళ్ళు ఎలాగూ చూస్తారు, వాళ్ళ కోసం గుడ్డ వృథా చెయ్యకు. పెడల్ మీద లేచి నిలబడి మళ్ళీ కూర్చునేటప్పుడు ఆ వదులు నిక్కరు సీటు ముక్కుకి తగులుకుంటే మనిషి పడిపోతుంది. చీర కుచ్చిళ్ళతో తొక్కినదాన్ని, గుడ్డ తగులుకోవడమంటే ఏమిటో నాకు తెలుసు. కావాలంటే పైన పొడుగు టీషర్టు వేసుకో. అంతే.

అమ్మాయి: భుజాల మీద పట్టీలుండే బిబ్ షార్ట్స్ కొందామనుకుంటున్నా. నడుం దగ్గర ఎలాస్టిక్ ఉండదు, వంగితే పొట్ట నొక్కదు. ప్యాడ్ జారదు.

పిన్ని: మరి బాత్రూమ్‌కి?

అమ్మాయి: పైన జెర్సీ విప్పి, పట్టీలు దించాలి. వెనక క్లిప్పు తీస్తే దిగేవి కూడా ఉన్నాయి.

పిన్ని: హైవే మీద ఆడదానికి తలుపున్న బాత్రూమ్ దొరకడమే గగనం. దొరికిన చోట నిలువునా విప్పుకుని నిలబడతావా? విప్పలేక నీళ్ళు తాగడం మానేస్తావు. ఎండలో నీళ్ళు మానేస్తే పుండుకంటే పెద్ద ప్రమాదం. వద్దు. నడుం పట్టీ వెడల్పుగా ఉన్నది తీసుకో. అరచేయంత వెడల్పుంటే పొట్టని కొయ్యదు.

అమ్మాయి: వెనక క్లిప్పులున్నది ఒకసారి వేసుకుని చూస్తా.

పిన్ని: చూడు. వేసుకుని, బాత్రూమ్‌కెళ్ళి, తిరిగొచ్చాక చెప్పు.

అమ్మాయి: సరే, అసలు తగువు మిగిలే ఉంది. నా దగ్గరున్న డబ్బుకి ఈ నెల ఒక్కటే కొనగలను. నేను షార్ట్సే ముందంటాను. ఏ సైకిల్ ఎక్కినా, ఏ సీటు మీద కూర్చున్నా అది నాతో వస్తుంది. సీటు సంగతి అలా కాదు, రెండు మూడు మారిస్తే గానీ కుదరదు.

పిన్ని: కుదరదని కొలవకుండానే ఎలా చెప్తున్నావు? లే.

(షాపులో చీరల పార్సిల్ వచ్చిన అట్టపెట్టె ఉంది. పిన్ని ఒక ముక్క కోసి చెక్క స్టూలు మీద వేసింది. అమ్మాయిని దాని మీద కూర్చుని ముందుకి వంగమంది, మోకాళ్ళు కాస్త పైకి లేపమంది. లేచాక అట్ట మీద రెండు గుంటలు పడ్డాయి. పిన్ని వాటి నడిమధ్యలో సుద్దతో చుక్కలు పెట్టి టేపు వేసింది.)

పిన్ని: పదమూడు సెంటీమీటర్లు. నీ సీటు వెనకవైపు ఎంత వెడల్పు?

అమ్మాయి: సైకిల్‌తో పాటు వచ్చిందే. దాని కింద 135 మిల్లీమీటర్లని రాసి ఉంది.

పిన్ని: అంటే పదమూడున్నర. నీ ఎముకలు అంచు మీద కూర్చున్నాయే తల్లీ! ఎముక మధ్యకే పదమూడైతే అటొక సెంటీమీటరు, ఇటొక సెంటీమీటరైనా ఉండొద్దూ? ఏ నిక్కరు వేసుకుంటే ఏం లాభం?

అమ్మాయి: (షార్ట్స్ దగ్గరికి వెళ్ళి) టేపు ఇలా ఇవ్వు. చవకదాంట్లో లావు మెత్తలు రెండూ పది సెంటీమీటర్ల దూరంలో ఉన్నాయి. ఆడవాళ్ళకీ మగవాళ్ళకీ ఒకే ప్యాడ్ వేసేశాడు. ఆడవాళ్ళకి కటి వెడల్పు కాబట్టి నా ఎముకలు మెత్త దాటి బయటికొస్తాయి. రెండోది ఆడవాళ్ళదే, పదమూడుకి సరిపోయింది.

పిన్ని: అయితే ఆ ఎనిమిది వందలది తిరిగిచ్చెయ్.

ఏది ముందన్న తగువులో నేను పిన్ని పక్షం. సీటు వెడల్పూ, ఎత్తూ, వాలూ తప్పుగా ఉన్నప్పుడు ఎంత ఖరీదైన షార్ట్స్ అయినా తప్పుని కొన్ని కిలోమీటర్లు వెనక్కి నెట్టగలదు, అంతే. సీటు ఎత్తు ఎక్కువైతే ప్రతి పెడల్‌కీ తుంటి అటూ ఇటూ ఊగుతుంది, ఆ ఊగుడే ఒరుపు. ఎత్తు సరిచేయడానికి ఒక్క ఆలెన్ కీ చాలు. అయితే అమ్మాయి మాటలోనూ పస ఉంది. ఆరు గంటల చెమటలో సరైన సీటు మీద కూడా కాటన్ కుట్టు తన పని తాను చేస్తుంది. 1891లో మొదలై, ఇప్పుడు నాలుగేళ్ళకోసారి జరిగే పారిస్–బ్రెస్ట్–పారిస్ 1200 కిలోమీటర్ల యాత్రకి తొంభై గంటల గడువు. అంత దూరం పోవాలని కలగనే తెలుగు అమ్మాయికి ఈ రెండిటిలో ఏదీ విలాసం కాదు.

అమ్మాయి: చవకది తిరిగిస్తే ఎనిమిది వందలు వస్తాయి. వాటితో సీటు రాదు కదా?

పిన్ని: మిగతాది నేనిస్తాను, పండక్కి చీర పెట్టాననుకుంటా. నూట యాభై మిల్లీమీటర్లు దాటినది, మధ్యలో గాడి ఉన్నది చూసుకో. మెత్తటిది కాదు, గట్టిదే.

అమ్మాయి: మరి ఈ మూడు వేలది ఉంచుకోనా?

పిన్ని: ఉంచుకో. సీటు మార్చి, ఇది వేసుకుని, వంద కిలోమీటర్లు తొక్కు. ఇంటికొచ్చాక చేతి అద్దం పెట్టి చూసుకుని ఎక్కడ ఎర్రబడిందో నాకు ఫోన్‌లో చెప్పు. కుట్టు వెంబడి అయితే షార్ట్స్ మార్చాలి. ఎముకల కింద నొప్పి అయితే, కొత్త సీటు కాబట్టి రెండు వారాలు ఓర్చుకో, అప్పటికీ తగ్గకపోతే వెడల్పు మార్చు.

అమ్మాయి: ముందువైపు తిమ్మిరెక్కితే?

పిన్ని: సీటు ముక్కు ఒక్క డిగ్రీ కిందికి దించి మళ్ళీ తొక్కు. అప్పటికీ పోకపోతే ఆ బ్రెవే ఈసారికి మానెయ్.